అంతా మంచిగున్న భుజం

పశ్చిమ మారేడ్‌పల్లిలో యెషయా డాక్టరు గారి ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు దగ్గు వస్తే ఆపుకుని పోయేవారు. దగ్గారా, ఆయన పిలుస్తాడు. పిలిచాడా, కూర్చోబెడతాడు. కూర్చోబెట్టి నాలుక చూపించమంటాడు. అక్కణ్నుంచి నిన్న ఏం తిన్నావు, నిద్ర పడుతోందా, మీ తాతకి ఉబ్బసం ఉండేదా అని మొదలుపెట్టి, చేతిలో ఒక మందుసీసా పెట్టేదాకా వదిలేవాడు కాదు. డబ్బు మీద ఆశ అనుకునేరు, పాపం అదేమీ లేదు. నొప్పితో ఉన్న ప్రాణి కంటబడితే ఆయన చేతులు ఊరుకోవు. ఒకసారి బావమరిది పెళ్లికని టాంగా ఎక్కి స్టేషనుకి పోతూ, గుర్రం ముందరి కాలు కుంటుతోందని దారిలో దిగిపోయి, దాని డెక్క ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుర్రం బాగుపడింది. బెజవాడ రైలు వెళ్లిపోయింది. బావమరిది చాలా ఏళ్లు మాట్లాడలేదు.

బందరు నుంచి కుర్రవాడుగా వచ్చి, సికింద్రాబాదులోనే జుట్టు నెరిసినా, ఆయన మాటలో బందరు పోలేదు, చేతిలో తొందర తగ్గలేదు. అటువంటి మనిషిని పట్టుకుని, ఒక రోగిని చూడు గాని మందివ్వకు అంటే, పిల్లిని తెచ్చి పాలకి కాపలా పెట్టినట్టే కదా. పోలీసు చర్య జరిగిన మరుసటేడు ఎండాకాలంలో సరిగ్గా అదే జరిగింది.

ఆ పని పెట్టినాయన పేరు పర్వతాలు. ఫ్యాక్టరీల్లో దెబ్బలు తగిలిన పనివాళ్ల తగాదాలు చూడమని కొత్త సర్కారు వేసిన ఆఫీసరు. మనిషి నెమ్మది, మాట ఖరాఖండి. వచ్చి, వరండాలో కుర్చీ అంచున కూర్చుని, విషయం చెప్పాడు.

"మోండా మార్కెట్ వెనక బరఫ్ ఫ్యాక్టరీ ఉన్నది గద డాక్టర్ సాబ్. అండ్ల పీర్ మహమ్మద్ అని ఐసు గడ్డలు మోసేటాయన. పోయిన సెప్టెంబర్ల, మిలిటరీ లారీలు వచ్చినయని అందరు రోడ్డు మీదికి ఉరికిన్రు సూడు, ఆనాడు ఈయన, ఇంకొకాయన కలిసి ఒక గడ్డ బండికెత్తుతున్నరు. అవుతలాయన తన కొస ఇడిచిపెట్టి లారీలు చూడ ఉరికిండు. ఈయన ఇడవలే. గడ్డంతా ఈయన భుజం మీద పడ్డది."

"ఈయన కూడా వదిలెయ్యాల్సింది కదండీ."

"నేను సుత గదే అడిగిన. పది మందికి పోయే మాలు, కింద పడేస్తే మంచిగుండదు అన్నడు."

ఇప్పుడు తగాదా ఏమిటంటే, ఫ్యాక్టరీ డాక్టరు భుజం బాగైపోయింది, గడ్డలు మోయవచ్చు అని రాశాడు. ఎముకలు సరిచేసి కట్టు కట్టిన పహిల్వాను ఆ చెయ్యి ఇక ఖతం అని వేలిముద్ర వేశాడు. డాక్టరు ఫ్యాక్టరీ జీతం తింటాడు. పహిల్వాను పీర్ మహమ్మద్ మామకి దోస్తు. చెయ్యి పనిచెయ్యదని తేలితే ఫ్యాక్టరీ వాళ్లు అతనికి గేటు దగ్గర త్రాసు మీద కూర్చునే పని ఇవ్వాలి. పనిచేస్తుందని తేలితే మళ్లీ గడ్డలు ఎత్తాలి. ఎత్తలేకపోతే కొలువు పోతుంది. ఊళ్లు వదిలి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండి ఉన్న మనిషి.

"గందుకే ఎవ్వల మనిషి కాని డాక్టరు కావాలె," అన్నాడు పర్వతాలు. "కాని ఒక్కటి. మీరు ఆయనకు డాక్టరు కాదు. మందియ్యొద్దు, సలహా ఇయ్యొద్దు. ఆయన మీకు చెప్పేది మీ కాడ దాగదు, నాకు చేరుతది. ఆ ముచ్చట ముందుగాల ఆయనకే చెప్పాలె. ఆయన నోట్ల మీరు మాట పెట్టొద్దు. మీరేం రాసిన్రో అటోళ్లకు గాని ఇటోళ్లకు గాని చెప్పొద్దు."

యెషయా గారు కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "నొప్పి అంటే?"

"రాసుకోవాలె."

"అయ్యో అనొచ్చా?"

పర్వతాలు నిజంగానే ఆలోచించాడు. "జెర మెల్లగ అనుర్రి," అన్నాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర యెషయా గారు భార్యతో, "దేశం స్వతంత్రమైంది, సంస్థానం స్వతంత్రమైంది, ఇవాళ్టినుంచి నేనూ స్వతంత్ర డాక్టర్ని ఎలీసబెతూ," అన్నాడు. "అయితే మీ కంచం మీరే కడుక్కోండి," అంది ఎలీసబెతమ్మ.

స్వతంత్రంగా ఉండటం ఎంత కష్టమో వచ్చే ఆదివారానికే తెలిసింది. ఆ బరఫ్ ఫ్యాక్టరీ మేనేజరు నోవహు గారిది డాక్టరు గారి చర్చే. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే కీర్తనల పుస్తకం చెరో అంచు పట్టుకుని పాడేవారు. ఆ వారం యెషయా గారు వెళ్లి నాలుగు బల్లలు వెనక్కి కూర్చున్నాడు. కళ్లజోడు మరిచిపోయి, తమ బల్ల పోల్చుకోలేక వెనక్కి పోయాడేమోనని నోవహు పుస్తకం పట్టుకుని అక్కడికొచ్చాడు. డాక్టరు గారు లేచి కిటికీ వైపు వెళ్లాడు. నోవహు అటు వచ్చాడు. మొదటి కీర్తన అయ్యేసరికి డాక్టరు గారు ఆడవాళ్ల వైపు వృద్ధుల బల్ల మీద రోసమ్మ గారి పక్కన తేలాడు. రోసమ్మ గారు మహదానందంతో ప్రసంగం పొడుగునా తన మోకాళ్ల సంగతి చెప్పింది.

ఇంటికొచ్చేసరికి గోనెసంచిలో రంపపు పొట్టు కప్పిన ఐసుగడ్డ గుమ్మంలో ఉంది. ఏటా ఎండాకాలంలో నోవహు పంపేదే.

"వెనక్కి పంపెయ్," అన్నాడు డాక్టరు.

"ఎప్పుడూ తీసుకునేదేగా?"

"ఎప్పుడూ తగాదా లేదు. ఇప్పుడు తీసుకుంటే లంచం."

ఎలీసబెతమ్మ అప్పటికే నిమ్మకాయలు పిండింది. ఆ నిమ్మరసం వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసి, రిక్షా పిలిచి గడ్డని ఎక్కించింది. ఆ ఎండకి రిక్షా మోండా మార్కెట్ చేరేసరికి సంచిలో తడి పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు. నోవహు తడి సంచి చూసి, డాక్టరు గారు ఐసు వాడుకుని సంచి మాత్రం నిజాయితీగా తిప్పి పంపాడనుకుని, సంతోషించి, రెండో గడ్డ పంపాడు.

అవతలి పక్షం తక్కువ తిన్నదా? పీర్ మహమ్మద్ భార్య ఖుర్షీదా ఒక కోడిని సంకలో పెట్టుకుని వచ్చింది. పరీక్ష రేపనగా పెద్దమనిషి ఇంటికి వట్టి చేతులతో ఎట్లొస్తానని ఆమె వాదన. డాక్టరు ససేమిరా అన్నాడు. ఇద్దరూ వాదించుకుంటుండగా కోడి వెళ్లి మందుల బీరువా కింద గుడ్డు పెట్టింది.

"ఈ గుడ్డు ఎవరిదండీ?" అని అడిగింది ఎలీసబెతమ్మ, కావాలనే.

డాక్టరు గారు దాని మీద చాలాసేపు మథనపడి, కోడి ఆవిడది కాబట్టి గుడ్డూ ఆవిడదే అని తీర్పు చెప్పి, గుడ్డుని దూదిలో చుట్టి ఇచ్చాడు. ఖుర్షీదా గుమ్మం దిగుతూ, "గిట్లాంటి డాక్టరును నా జిందగీల చూడలే," అంది. మెచ్చుకోలో తిట్టో ఎలీసబెతమ్మకి అర్థం కాలేదు.

మర్నాడు పీర్ మహమ్మద్ వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. ఉతికిన పైజామా, బావది అడిగి తెచ్చుకున్న షేర్వాణీ. గుమ్మంలోనే చెప్పులు విడిచి, డాక్టరుకి సలాం చేశాడు. ఆ సలాం చూసి తీరవలసిందే. ఆ తాటిచెట్టు నడుం దగ్గర విరిగి, నుదురు దాదాపు మొలదాకా దిగి, అక్కడ చేతిని తాకి, మళ్లీ మెల్లగా పైకి లేచింది. బందరులో కలెక్టరుకి కూడా ఇంత వంగగా యెషయా గారు చూడలేదు. లోపల కాస్త పొంగిపోయాడు కూడా. పొంగిపోవడం స్వతంత్ర డాక్టరుకి తగదని గుర్తొచ్చి, మొహం బిగించాడు.

పీర్ మహమ్మద్ అదబ్ గురించి, అంటే మర్యాద గురించి, మోండా మార్కెట్లో కథలున్నాయని డాక్టరుకి అప్పటికి తెలియదు. ఎవడైనా అతని కాలు తొక్కితే, నా కాలు మీకు అడ్డమొచ్చింది మాఫ్ చెయ్యండి అనేవాడట. దావత్‌లో బువ్వలో రాయి వస్తే, ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారని మింగేసేవాడట. ఎట్లున్నవ్ అని ఎవరడిగినా ఒకటే జవాబు, మీ దువా, అంటే మీ దీవెన, అంతా మంచిగుంది అని. కన్నతండ్రిని మట్టిచేసి వస్తున్న రోజున దారిలో ఎవరో అలవాటుగా అడిగితే, అప్పుడూ అదే అన్నాడట.

"చూడు పీర్ సాయిబూ," అని డాక్టరు కాగితం చేతపట్టుకుని మొదలుపెట్టాడు. "నేను నీ డాక్టర్ని కాను."

"అయ్యో, గంత మాటెందుకు సాబ్! మీరు సికింద్రాబాద్ మొత్తానికి డాక్టరు."

"మొత్తానికి అవుతాను గాని నీకు కాను. నువ్వు చెప్పేదంతా ఆఫీసరుకి చేరుతుంది. నీకు మందివ్వను. తెలిసిందా? ఇష్టమేనా?"

"మీ ఇష్టమే నా ఇష్టం సాబ్."

"అలా కాదయ్యా, నీ ఇష్టం చెప్పు."

"మీరు చెప్పమన్నరు గద, మంజూర్."

లోపల వంటింట్లో ఖుర్షీదా ఉంది. పరీక్ష జరిగే చోట ఇంకొకరు మాట్లాడకూడదని డాక్టరే ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు. కూర్చుంది గాని ఊరుకోలేదు. ఎలీసబెతమ్మకి చెబుతున్నట్టుగా, రోడ్డు మీదికి వినబడేట్టు మొదలుపెట్టింది. "అక్కా, అంగీ గుండీలు నేనే పెడుతున్న! తల నేనే దువ్వుతున్న!" ఇది వింటే తన మనసు ఒకవైపు ఒరుగుతుందని డాక్టరు భయపడి, దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకున్నాడు. దాంతో ఎదుట ఉన్నవాడి మాట కూడా సరిగా వినబడక అరవాల్సి వచ్చింది.

"భుజం ఎలా ఉంది?"

"మీ దువా సాబ్, మంచిగుంది."

"గట్టిగా చెప్పు!"

"మంచిగుంది సాబ్!"

వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది.

"నొప్పి?"

"గదేం లేదు. మీరు పరేషాన్ కాకుర్రి."

ఇంకొకటి కూడా జరిగింది, చెబితే డాక్టరు గారి పరువు పోతుంది గాని చెప్పక తప్పదు. ఆయన ఆ మనిషిని ముట్టుకోలేదు. ముట్టుకుంటే తన చేతులు ఆగవని, వైద్యం మొదలుపెట్టేస్తాయని భయం. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి, దూరం నుంచి చూశాడు. షేర్వాణీ కూడా విప్పమనలేదు. చెయ్యి ఎత్తమంటే పీర్ మహమ్మద్ ఒళ్లంతా ఎడమకి వంచి, కుడి చేతిని ఒక ఊపు ఊపి, ఎలాగో గాలిలోకి విసిరాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఎండ కదా అనుకున్నాడు డాక్టరు. కాగితం మీద రాసుకున్నాడు: బాధ ఏమీ లేదని తానే చెప్పుచున్నాడు. చెయ్యి ఎత్తుచున్నాడు.

అయిపోయింది. డాక్టరు చెవుల్లో దూది తీసేశాడు. పీర్ మహమ్మద్ చెప్పులేసుకుంటుంటే, లోపల్నుంచి ఎలీసబెతమ్మ వచ్చింది. ఆవిడని చూడగానే అతను సలాం చేశాడు, అదే తాటిచెట్టు సలాం. డాక్టరు ఈసారి ఎదురుగా లేడు, పక్కన ఉన్నాడు. పక్కనుంచి చూస్తే ఆ సలాం వేరుగా ఉంది. చెయ్యి పొట్ట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అక్కణ్నుంచి పైకి రాలేదు. తలే దిగివెళ్లి చేతిని కలుసుకుంది.

"పీర్ సాయిబూ, ఆగు. మళ్లీ ఒకసారి సలాం చెయ్యి."

అతను సంతోషంగా వంగాడు.

"వంగకుండా చెయ్యి."

"వంగకుండ సలామేంది సాబ్? బద్తమీజీ అయితది."

"ఫరవాలేదు. ఒక్కసారి నన్ను అగౌరవపరుచు."

పీర్ మహమ్మద్ నిటారుగా నిలబడి ప్రయత్నించాడు. చెయ్యి రొమ్ము దాకా వచ్చి వణికింది. పళ్లు బిగించాడు. ఇంకొక అంగుళం లేచి, దబ్బున కింద పడిపోయింది. అతను దాన్ని చూసి, పరాయివాళ్ల ఇంట్లో తన పిల్లాడు అల్లరి చేసినట్టు, "మాఫ్ చెయ్యుర్రి," అన్నాడు.

యెషయా గారికి చెవులు వేడెక్కాయి. ఇంతసేపూ తన గొప్పతనానికి వంగుతున్నాడనుకున్నాడే! ఆ సిగ్గు ఒకటి. దాని వెనకే ఇంకొక చిక్కు. పరీక్ష అయిపోయాక, మనిషి చెప్పులేసుకుంటుండగా చాటుగా చూసింది రాయొచ్చా? రాయకపోతే రాసింది అబద్ధం. చెప్పకుండా రాస్తే దొంగతనం.

"చూడు," అన్నాడు చివరికి. "నీ సలాం నేను చూశాను. చూసి చూడనట్టుండలేను. అలాగని నీకు చెప్పకుండా రాయను. లోపలికొచ్చి చొక్కా విప్పితే సరిగ్గా చూస్తాను. ఇష్టం లేకపోతే వెళ్లిపో, ఇంతవరకే చూడనిచ్చాడని రాస్తాను. ఇందులో నా ఇష్టం లేదు."

 పీర్ మహమ్మద్ మెల్లగా అన్నాడు. "బజార్ల అందరు ఏమంటున్రో తెలుసా సాబ్? 'మిలిటరీ వచ్చినంక పీర్ మహమ్మద్‌కు వినయం పెరిగింది, పోరగానికి సుత నడుం దాక వంగుతున్నడు' అంటున్రు. చెయ్యి లేవక వంగుతున్నడని తెలిస్తే, ఇన్నొద్దులు చేసిన సలాంలన్ని జూటా సలాంలు అనరా?"

"అందుకా నొప్పి లేదన్నావు?"

"గదొక్కటే కాదు." అతను డాక్టరు చేతిలో కాగితం వైపు చూశాడు. "అడిగెటోని చేతుల కాయితం ఉంటే, మంచిగున్న అనాలె సాబ్. పోయిన సెప్టెంబర్ కాడికెల్లి మా గల్లీల అందరం గదే అంటున్నం. బీదర్ దిక్కు మా చెల్లె మొగుడు, కాయితం పట్టుకొని వచ్చినోళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పిండట. ఇయ్యాల్టి దాక పతా లేదు."

డాక్టరు తన చేతిలో కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు. దాని మీద స్టెతస్కోపు పెట్టాడు, ఎగిరిపోకుండా.

"ఇది భుజం కాగితం. భుజం దాటి పోదు," అన్నాడు. "రాసింది ఆఫీసరుకి ఇచ్చేముందు నీకు చదివి వినిపిస్తాను. ఆయన వద్దంటే ఆయనతో నేను దెబ్బలాడతాను."

పీర్ మహమ్మద్ షేర్వాణీ గుండీల మీద ఎడమ చెయ్యి వేశాడు. ఖుర్షీదా వంటింటి గుమ్మంలోంచి వచ్చి, ఎవర్నీ అడక్కుండా, గబగబా గుండీలు విప్పింది. డాక్టరు ఆమెని ఆపలేదు.

చొక్కా తీస్తే చాలు, దూరం నుంచే కనబడింది. ఎడమ భుజం వెనక కండ దిట్టంగా ఉంది. కుడి వైపున గుంట పడి, ఎముక వెన్ను తేలింది. డాక్టరు చెయ్యి పట్టుకుని తానే ఎత్తితే ఎత్తినంతా వచ్చింది, వదిలితే పడిపోయింది. ఈసారి చేతులు వెనక్కి కట్టుకోలేదు. ముట్టుకున్నంత మాత్రాన పక్షపాతం అంటదని, ముట్టుకోకుండా రాస్తేనే పాపమని, నెత్తి నెరిశాక తెలిసొచ్చింది. అయ్యో అన్నాడు, మెల్లగానే. వేడి కాపడం గురించి ఒక మాట నాలుక చివరిదాకా వస్తే, నాలుక కరుచుకున్నాడు.

రాసింది చదివి వినిపించాడు. పీర్ మహమ్మద్ శ్రద్ధగా విని, "అన్ని మంచిగనే ఉన్నయ్ సాబ్. ఒక్క మాట కలపుర్రి. వంగేది అదబ్‌తోనే అని," అన్నాడు.

"అది వైద్యం కాదయ్యా."

"నా ఇజ్జత్ సాబ్."

డాక్టరు కలం సిరాలో ముంచాడు.

పేషీ రోజున అందర్నీ తన ఆఫీసుకి పిలిపించి, పర్వతాలు ఆ కాగితం చదువుతూ చివర ఆగిపోయాడు. "'ఇతడు వంగి సలాం చేయుట మర్యాదచేతనే గాని మరొకందుకు కాదు. అయినను చెయ్యి రొమ్ము పైకి లేవదు.' ఇదేం రాత డాక్టర్ సాబ్?"

"రెండూ నిజమేనండి," అన్నాడు యెషయా గారు.

నోవహు లేచాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఫ్యాక్టరీ ఉప్పు తింటున్నాడు, ఆ పని చేస్తున్నాడు. "సార్, మేం అడిగిన ప్రతిసారి ఆయనే చెప్పిండు, అంతా మంచిగుంది అని. నేనడిగిన, మా డాక్టర్ అడిగిండు, మీ డాక్టర్ అడిగినా గదే చెప్పిండు. తన భుజం సంగతి తనకన్న డాక్టరుకు ఎక్కువ తెలుస్తదా? మీరే అడగండి."

పర్వతాలు పీర్ మహమ్మద్ వైపు తిరిగాడు. ఆయన చేతిలోనూ కాగితం ఉంది. "చెప్పు పీర్ మహమ్మద్. ఎట్లున్నది నీ భుజం?"

యెషయా గారు చేతులు మళ్లీ వెనక్కి కట్టుకున్నాడు. ఇప్పుడు ఒక్క సైగ చేస్తే చాలు. చెయ్యకూడదు. గోడ మీద బల్లిని చూస్తూ నిలబడ్డాడు. ఖుర్షీదా మాత్రం మొగుడి వీపు మీద గుడ్లు నిలబెట్టి చూస్తోంది. పీర్ మహమ్మద్ మెడ మీద చెమట జారింది. ఏళ్ల అలవాటు గొంతులో ఎక్కడో అడ్డంపడి ఉంది, మింగుడుపడని రాయిలా.

"మీ దువా సాబ్..." అన్నాడు.

నోవహు చిరునవ్వు నవ్వాడు.

"మీ దువాతోని..." పీర్ మహమ్మద్ తల వంచాడు, జేబు కొట్టి దొరికిపోయినవాడిలా. "...మంచిగ లేదు. మాఫ్ చెయ్యుర్రి. జెర సుత మంచిగ లేదు."

ఖుర్షీదా అందరిముందూ "అల్హమ్దులిల్లా" అనేసింది. మొగుడి చెయ్యి పనిచెయ్యనందుకు దేవుడికి దండం పెట్టిన భార్యని పర్వతాలు ఆ ఉద్యోగంలో అంతకుముందు చూసి ఉండడు. నవ్వు ఆపుకోవడానికి ఇంకుబుడ్డి మూత తీసి మళ్లీ పెట్టి, త్రాసు పని ఇవ్వాలని రాసేశాడు.

"ఇక తగాదా అయిపోయినట్టేనాండీ?" అని అడిగాడు యెషయా గారు.

"అయిపోయింది."

"పూర్తిగా?"

"పూర్తిగ. ఎందుకు?"

జవాబు చెప్పడానికి డాక్టరు గదిలో లేడు. వరండాలో పీర్ మహమ్మద్ చెయ్యి పట్టుకుని, ఇన్నాళ్లూ ఉగ్గబట్టుకున్నదంతా కక్కుతున్నాడు. వేడి కాపడం, నూనె, గోడకి వేళ్లానించి పాకించడం, బరువు ఎత్తకపోవడం, నిద్ర ఎటు తిరిగి పోవాలో. "నాలుక చూపించు! మీ తాతకి ఉబ్బసం ఉండేదా?" పీర్ మహమ్మద్ మర్యాదగా నాలుక చాపి నిలబడ్డాడు. నోవహు ఆ పక్కనుంచే దగ్గకుండా దిగివెళ్లిపోయాడు.

నెల తిరక్కుండానే నోవహు డాక్టరు ఇంటికొచ్చాడు. చర్చిలో మళ్లీ పక్కపక్కనే కూర్చుంటున్నారు కాబట్టి భయం లేకుండా వచ్చాడు.

"అన్నా, ఆయన్ని త్రాసు మీద కూసోబెట్టి నా కొంప ముంచిన్రు. ఎవరొచ్చి 'పీర్ భాయ్, జెర ఎక్కువెయ్యి' అన్నా కాదనడు. షర్బత్ అమ్మేటోనికి ముక్క కలుపుతడు, చేపలోనికి ముక్క కలుపుతడు. నిన్న ఒకాయన ఉత్త పుణ్యానికి నిలబడ్డడు, ఎండకు నిలబడ్డడని ఆయనకింత ముక్క ఇచ్చిండు. ఓనరు నన్ను తింటున్నడు. మీరు ఇంకొక్కసారి పరీక్ష చేసి, చెయ్యి మంచిగయిందని రాస్తే..."

"నేను పనికిరాను నోవహూ. ఇప్పుడు నేను అతని డాక్టర్ని. వారానికి రెండుసార్లు చూస్తున్నాను. నేను రాస్తే ఎవరు నమ్ముతారు?"

"మరి ఎవరు రాస్తరు?"

"అతనికి వైద్యం చెయ్యనివాడూ, నీ జీతం తిననివాడూ ఎవడైనా ఉంటే వెతుక్కో. దొరికినా చెయ్యి లేవదని మళ్లీ అదే రాస్తాడు. ఐసు మిగలాలంటే కావాల్సింది వేరే డాక్టరు కాదు, కాదనే నోరు."

నోవహు ఆ నోటి కోసం దూరం పోనక్కర్లేకపోయింది. సరాసరి గల్లీకి వెళ్లి ఖుర్షీదా ముందు మొరపెట్టుకున్నాడు. ఆమె నమ్మలేదు. కళ్లారా చూద్దామని ఒక పొద్దున గేటు దగ్గరికొచ్చింది. చూసింది. ఒక గోనెసంచి మడిచి మొగుడి పక్కన వేసుకుని కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. మర్నాడూ వచ్చింది. మూడోనాడు నోవహు ఓనరుతో మాట్లాడి ఆమెకి కూడా కొలువు రాయించాడు.

ఆ పద్ధతి బాగా కుదిరింది. పీర్ మహమ్మద్ ఎడమ చేత్తో ముక్కలు త్రాసులో పెడుతూ వచ్చినవాళ్ల పిల్లాజెల్లా క్షేమం అడుగుతాడు. ఖుర్షీదా ముల్లు వైపు చూస్తూ "బస్" అంటుంది. అంతే, ఇక ముక్క పడదు. అతని మర్యాదకి లోటు రాలేదు, ఫ్యాక్టరీ బరఫ్‌కీ లోటు రాలేదు.

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం, ఇంట్లో చుట్టాలు దిగారని, యెషయా డాక్టరే సంచి పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే పీర్ మహమ్మద్ లేచాడు, వంగాడు. చెయ్యి గడ్డం దాకా వచ్చింది, తల కొంచెమే దిగింది. డాక్టరు ఆ దూరాన్ని కళ్లతోనే కొలుచుకుని మురిసిపోయాడు. పీర్ మహమ్మద్ తూకం వేసి, ముల్లు నిలబడ్డాక, భార్య చూడకుండా ఇంకొక పెద్ద ముక్క తెచ్చి పైన పెట్టాడు.

ఖుర్షీదా ఆ ముక్క తీసి పక్కన పడేసింది.

"డాక్టర్ సాబే!" అన్నాడు పీర్ మహమ్మద్ సిగ్గుతో కుంచించుకుపోయి.

"నాకేం కండ్లు లేవా, డాక్టర్ సాబే. ఇజ్జత్ నోటితోని ఇయ్యి, బరఫ్‌తోని కాదు. బస్!" అని, డాక్టరు వైపు తిరిగి, "జెర జరుగుర్రి సాబ్, వెనక మంది ఉన్నరు," అంది.

యెషయా గారు జరిగాడు. సంచి మూతి బిగించి, నెత్తిన తుండుగుడ్డ వేసుకుని, కరిగేలోపు ఇల్లు చేరాలని మారేడ్‌పల్లి వైపు పరుగులాంటి నడక అందుకున్నాడు.